మన మృదంగం, రామన్ గారి భౌతికశాస్త్రం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, నేను కూడా అందరిలాగే బడి వెనక చింతచెట్టు గురించీ, మధ్యాహ్నం ఉప్మా గురించీ రాద్దామనుకున్నాను. కూర్చుని ఆలోచిస్తే, ఈ బడి నాకిచ్చిన వాటిలో అన్నిటికంటే పెద్దది ఒక్క గంట పాఠమని తోచింది. ఆ పాఠానికి కారణమైన మనిషి సర్ చంద్రశేఖర వెంకట రామన్. ఆయన మన బడికి ఎన్నడూ రాలేదు. మనకు రెండు వందల కిలోమీటర్ల దూరంలో, బెంగళూరులో ఉండేవారు. ముప్పై రెండేళ్లు ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి, ఆయన బతుకును మన పిల్లలకు అర్థమయ్యేలా చెప్పే పని నా మీద ఉందనుకుంటున్నాను. ఆ ఒక్క గంట సంగతి మధ్యలో వస్తుంది.

రామన్ గారు 1888 నవంబరు 7న తమిళనాట తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో పుట్టారు. ఎనిమిది మంది పిల్లల్లో రెండోవారు. ఆయన బాల్యం మాత్రం మన తెలుగునేల మీదే గడిచిందని చాలామందికి తెలియదు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ 1892లో విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పడానికి చేరారు. కుటుంబమంతా అక్కడికి తరలివచ్చింది. రామన్ గారు సెయింట్ అలోషియస్ హైస్కూల్లో చదివి, 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. తండ్రి పనిచేసే కాలేజీలోనే ఎఫ్.ఏ. చదివారు. పదేళ్ల పాటు ఆయన రోజూ చూసింది విశాఖ సముద్రం. ఆ సముద్రం తర్వాత ఆయన జీవితంలోకి ఎలా తిరిగి వచ్చిందో చెబుతాను.

తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. 1904లో బి.ఏ.లో మొదటి స్థానం. అప్పట్లో తెలివైన పిల్లలను పై చదువులకు ఇంగ్లండు పంపేవారు. రామన్ గారిని పరీక్షించిన దొర డాక్టరు, ఈ బక్కపలచని శరీరం ఆ చలికి తట్టుకోదని తేల్చారు. అలా ఆయన చదువంతా ఇక్కడే సాగింది. 1906లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, లండనులో వెలువడే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో ఆయన మొదటి పరిశోధనా పత్రం అచ్చయింది. అప్పటికి ఆయన వయసు 18.

అయితే అప్పటి మన దేశంలో శాస్త్రజ్ఞుడిగా బతకడానికి ఉద్యోగం ఎక్కడుంది? 1907లో ఆర్థిక శాఖ పరీక్ష రాసి, అందులోనూ మొదటివారిగా వచ్చారు. ఆ ఏడే లోకసుందరి గారితో పెళ్లి. ఆమె వీణ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తుండగా విని ఆయన మనసుపడ్డారని చెబుతారు. ఆ ఇంట వీణ ఉన్న మాట మాత్రం నిజం. అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా కలకత్తాలో ఉద్యోగంలో చేరారు.

ఒకరోజు ఆఫీసుకు వెళ్లే దారిలో, బౌబజారు వీధిలో ఒక బోర్డు ఆయన కంటపడింది. అది 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ స్థాపించిన సైన్సు సంఘం. పరికరాలు ఉన్నాయి, వాడేవాళ్లు లేరు. రామన్ గారు లోపలికి వెళ్లి అడిగారు. అప్పటి నుంచి తెల్లవారుజామున అక్కడికి వెళ్లి ప్రయోగాలు, తర్వాత ఆఫీసులో జమాఖర్చులు, సాయంత్రం మళ్లీ ప్రయోగాలు. రంగూనుకు, నాగపూరుకు బదిలీ అయిన కొద్దికాలం తప్ప, పదేళ్ల పాటు అదే దినచర్య. ఆశుతోష్ డే అనే సహాయకుడు ఆయనకు తోడు. గొప్ప డిగ్రీలు లేకపోయినా చేతిపనిలో మహా నేర్పరి. రామన్ గారు ఆయన పేరును పరిశోధనా పత్రాల మీద వేశారు. ఈ సంగతి నాకు ఎందుకు ముఖ్యమో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆ రోజుల్లో రామన్ గారిని పట్టుకున్న విషయం సంగీత వాయిద్యాలు. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ శబ్దం మీద రాసిన గ్రంథాన్ని విద్యార్థిగా ఉన్నప్పుడే చదివారు. వయొలిన్ కమాను తీగను ఎలా కదిలిస్తుందో తెలుసుకోవడానికి, మనిషి చేయి తగలకుండా యంత్రమే వాయించే వయొలిన్‌ను తయారుచేసుకున్నారు. 1918లో ఆ సిద్ధాంతం మీద పెద్ద గ్రంథమే రాశారు. 1921లో వీణ, తంబురాల మీద రాశారు. వయొలిన్‌లో తీగ సన్నటి అంచు మీద ఆనుతుంది. వీణలో అయితే వంపు తిరిగిన వెడల్పు మేరువు మీద ఒరుసుకుంటుంది. తంబురాలో తీగ కింద ఒక దారపు పోగు పెడతారు, దాన్ని జీవ అంటారు. ఆ వంపు వల్ల, ఆ పోగు వల్ల, పాఠ్యపుస్తకాల ప్రకారం వినిపించకూడని పై స్వరాలు కూడా వినిపిస్తాయి. మన తంబురా మోతలోని నిండుదనం అదే. ఐరోపా పుస్తకాల్లోని నియమం మన వాయిద్యానికి పూర్తిగా సరిపోదని ఆయన చూపించారు.

ఇక మృదంగం. ఏ తోలు వాయిద్యాన్నైనా కొడితే ఒక్క శబ్దం రాదు, చాలా శబ్దాలు కలిసి వస్తాయి. మన తప్పెట లాగా అంతటా ఒకే మందం ఉన్న తోలును తీసుకోండి. దాని మొదటి కంపనాన్ని 1 అనుకుంటే, తర్వాతవి 1.59, 2.14, 2.30 ఇలా పొంతన లేకుండా వస్తాయి. అందుకే తప్పెటలో ఉరుము ఉంటుంది, ఊపు ఉంటుంది, శ్రుతి ఉండదు. వీణ తీగలో అయితే కంపనాలు 1, 2, 3, 4 అని వరసగా పూర్ణ సంఖ్యల్లో వస్తాయి. చెవికి స్వరంగా తోచేది ఈ వరసే. మృదంగం తోలు వాయిద్యమే అయినా తీగలాగా శ్రుతి పలుకుతుంది. ఎందుకు? దాని కుడి మూత మధ్యలో నల్లగా వేసే మందు వల్ల. ఆ బరువు మధ్యలో ఎక్కువగా, అంచుకు వచ్చేకొద్దీ పలచగా ఉంటుంది. దాంతో తోలు కంపనాలు సర్దుకుని, మొదటి ఐదు స్వరాలు పూర్ణ సంఖ్యల వరసలోకి వస్తాయి. రామన్ గారు, శివకాళీ కుమార్ కలిసి దీన్ని 1920లో నేచర్ పత్రికలో ప్రకటించారు. తర్వాత 1934 ప్రాంతంలో, మూత మీద సన్నని ఇసుక చల్లి, అది ఏ గీతల మీద పేరుకుంటుందో చూసి, మరింత వివరంగా రాశారు.

ఇప్పుడు మన బడి సంగతి.

మాది తోలు పని చేసే ఇల్లు, ఊరికి అవతలి వాడ. మా నాయన తప్పెటలు కట్టేవాడు. చుట్టుపక్కల ఊళ్ల భజన మృదంగాలకు, బొమ్మలాట వాళ్ల మృదంగాలకు మూతలు వేసేవాడు. ఇనుప చిట్టెం పొడిని మెత్తగా ఉడికిన అన్నంతో కలిపి నూరి, ఆ ముద్దను పలచగా ఒక పొర వేసి, గుండ్రాయితో రుద్ది, ఆరనిచ్చి, మళ్లీ ఇంకో పొర. ఇలా పొర మీద పొర. ప్రతి పొరకూ ఒకసారి వేలితో తట్టి వినేవాడు. పని పూర్తయ్యాక మృదంగం గుడి లోపలికి వెళ్లేది. దాన్ని చేసిన మనిషి మెట్ల దగ్గరే ఆగేవాడు. బడిలో ఎవరైనా అడిగితే మా నాయన కూలిపని చేస్తాడని చెప్పేవాణ్ణి. తోలు వాసన నా చొక్కాకు అంటుకుందేమోనని రోజూ భయమే.

1970 నవంబరు 21, శనివారం, రామన్ గారు పోయారని రేడియోలో వచ్చింది. సోమవారం ప్రార్థనలో మౌనం పాటించాం. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. మా సైన్సు అయ్యవారు అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చదివిన మనిషి. ఆయన ఆ రోజు పుస్తకం తెరవలేదు. రామన్ గారి గురించి చెబుతూ మృదంగం దగ్గరికి వచ్చి, మిగతాది రేపు చెబుతానని ఆపేశారు. సాయంత్రం మా వాడకు వచ్చారు. అయ్యవారు మా ఇంటి ముందు నిలబడటం చూసి నేను గొడ్ల చావిడి వెనక దాక్కున్నాను. మా నాయనతో ఏం మాట్లాడారో నాకు వినబడలేదు.

మర్నాడు మా నాయన ఉతికిన పంచె కట్టుకుని, ఒక భుజాన తప్పెట, ఒక భుజాన మృదంగం వేసుకుని తరగతి గుమ్మం దగ్గరికి వచ్చి ఆగాడు. అలవాటు కొద్దీ అక్కడే ఆగాడు. అయ్యవారు వెళ్లి, చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, తన కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు తప్పెట కొట్టమన్నారు, తర్వాత మృదంగం. తేడా చెవికి తెలిసింది. అప్పుడు వంక నుంచి తెప్పించిన సన్నటి ఇసుకను ఆ నల్లటి మందు మీద చల్లించి, ఒక వేలు మూతకు తేలిగ్గా ఆనించి రెండో చేత్తో కొట్టమన్నారు. ఇసుక గెంతి గెంతి, వేలి దగ్గర మొదలై అవతలి అంచు దాకా ఒక గీతలా పేరుకుంది. ఆ గీత మీద తోలు కదలడం లేదని, దానికి రెండు పక్కలా ఒకటి లేస్తే ఒకటి దిగుతోందని అయ్యవారు చెప్పారు. శబ్దం రెట్టింపు స్థాయికి వెళ్లిందని వినిపించారు. నోబెల్ బహుమతి పొందిన శాస్త్రజ్ఞుడు లెక్కలు కట్టి తెలుసుకున్నదాన్ని ఈయన చేతులు ముందే ఎరుగుదుమంటున్నాయని, ఎలా తెలుసో ఈయన్నే అడగమని మమ్మల్ని పురమాయించారు.

మొదటి బెంచీలో కూర్చునే పిల్లలు లేచి వచ్చి ప్రశ్నలు అడిగారు. మందు ఎక్కువైతే ఏమవుతుంది, వానకాలం తోలు ఎందుకు వదులవుతుంది, తప్పెటను మంట దగ్గర ఎందుకు కాస్తారు అని. మా నాయన మొదట తల దించుకుని, తర్వాత తల ఎత్తి జవాబులు చెప్పాడు. తేమకు తోలు సాగుతుంది, సెగకు బిగుస్తుంది, మందు ఎక్కువైతే గొంతు పూడిపోతుంది. నేను చివరి వరసలో కూర్చుని ఆ మనిషి మా నాయనేనని అందరికీ చెప్పాలని మొదటిసారి అనుకున్నాను. చెప్పాల్సిన పని లేకపోయింది. అందరికీ ముందే తెలుసట.

ఆశుతోష్ డే పేరు ఎందుకు ఎత్తానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. వాయిద్యం వాయించినవారి పేరు మనకు తెలుసు, దాని లెక్క కట్టినవారి పేరు తెలుసు. తోలు నానబెట్టి, బిగించి, మందు వేసిన చేతుల పేర్లు మాత్రం మనం చదువుకోం. సైన్సులో చేతిపనికి పేరు దక్కినచోట నాకు గౌరవం పెరుగుతుంది.

మళ్లీ రామన్ గారి జీవితానికి వస్తాను. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ప్రొఫెసర్ పదవికి పిలుపు వచ్చింది. జీతం బాగా తక్కువ. అయినా సర్కారు కొలువు వదిలి వెళ్లారు. 1921లో విశ్వవిద్యాలయాల సమావేశానికి మొదటిసారి ఇంగ్లండు వెళ్లారు. తిరుగు ప్రయాణం నార్కుండా అనే ఓడలో. మధ్యధరా సముద్రపు చిక్కటి నీలం ఆయన్ను నిలబెట్టేసింది. ఆకాశపు నీలమే నీటిలో ప్రతిఫలిస్తుందని అప్పటి పెద్దల మాట. రామన్ గారు చిన్న నికాల్ పట్టకాన్ని కంటికి ఆనించి, నీటి పైనుంచి ప్రతిఫలించే వెలుగును తొలగించి చూశారు. నీలం పోలేదు, ఇంకా చిక్కనైంది. అంటే నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయన్నమాట. ఓడ బొంబాయి చేరగానే నేచర్ పత్రికకు ఉత్తరం రాశారు. విశాఖ ఒడ్డున పదేళ్లు సముద్రాన్ని చూస్తూ పెరిగిన పిల్లవాడికి ఆ ప్రశ్న కొత్తదై ఉండదని నా ఊహ.

ఈ వెలుగు చెదరడం మన అనంతపురం వాళ్లకు బాగా అర్థం కావాలి. మనం ఆకాశం చూసినంతగా ఎవరు చూస్తారు? సూర్యుడి వెలుగులో నీలం భాగాన్ని గాలి అణువులు ఎక్కువగా చెదరగొడతాయి, అందుకే ఆకాశం నీలం. గాలిలో దుమ్ము ఎక్కువైతే దాని పెద్ద రేణువులు అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి, ఆకాశం తెల్లబోతుంది. మన మే నెల ఆకాశం అదే. ఒక వాన పడి దుమ్ము అణిగితే మర్నాడు నీలం ఎంత లోతుగా ఉంటుందో చూడండి. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే ఎక్కువ నీళ్లు కుమ్మరించి మన దాకా వచ్చేసరికి తేలికైపోతాయి. ఈశాన్య వానలకు మనం తీరానికి దూరం. అందుకే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకుంటున్నాం. చెనిక్కాయ విత్తనం వేసి ఆకాశం వైపు చూసే రైతుకు ఈ లెక్క వాన తెచ్చిపెట్టదు. కానీ ఎవరి పాపం వల్లో, శాపం వల్లో వాన రాలేదన్న మాటను మాత్రం పోగొడుతుంది. కరువుకు కారణం మన ఊళ్లో వెతకక్కర్లేదని తెలియడం కూడా చిన్న ఉపకారం కాదు.

సముద్రంతో మొదలైన ప్రశ్న ఏడేళ్లు నడిచింది. రామన్ గారు, ఆయన శిష్యుడు కె.ఎస్. కృష్ణన్ కలకత్తా ప్రయోగశాలలో రకరకాల ద్రవాల గుండా వెలుగును పంపి చూశారు. మొదట వాడింది సూర్యకాంతినే. చెదిరిన వెలుగులో ఎక్కువ భాగం వచ్చిన రంగులోనే ఉంటుంది. అతి కొద్ది భాగం, దాదాపు కోటిలో ఒక వంతు, రంగు మారి వస్తుంది. 1928 ఫిబ్రవరి 28న ఆ మార్పు స్పష్టంగా కనబడింది. కారణం ఇది. అణువు కూడా నిశ్చలంగా ఉండదు, కంపిస్తుంది. వెలుగు దాన్ని తాకినప్పుడు కొంత శక్తిని ఆ కంపనానికి ఇచ్చి పోతుంది, లేదా దాని నుంచి తీసుకుపోతుంది. ఎంత ఇచ్చింది, ఎంత తీసుకుంది అన్నది అణువు అణువుకూ వేరు. మృదంగాన్ని తట్టి దాని శ్రుతి తెలుసుకున్నట్టే, వెలుగుతో తట్టి అణువు శ్రుతి తెలుసుకోవచ్చు. మా నాయన వేలితో చేసిన పనిని రామన్ గారు వెలుగుతో చేశారని నా విద్యార్థులకు చెప్పేవాణ్ణి. 1930లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. సైన్సులో ఆ బహుమతి పొందిన మొదటి ఆసియావాసి ఆయనే. 1987 నుంచి ఫిబ్రవరి 28ని జాతీయ సైన్సు దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

రామన్ గారి దగ్గర పనిచేసిన తెలుగువారిలో ముఖ్యులు సూరి భగవంతం గారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, కలకత్తా వెళ్లి ఆయన శిష్యులై, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పి, తర్వాత బెంగళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరయ్యారు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారయ్యారు.

1933లో రామన్ గారు ఆ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరుగా బెంగళూరు వచ్చారు. ఆ పదవిలో మొదటి భారతీయుడు. 1934లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ను స్థాపించారు. అందరినీ కలుపుకుపోయే స్వభావం ఆయనది కాదు. తగవులు వచ్చి 1937లో డైరెక్టరు పదవి వదులుకుని, 1948 దాకా ప్రొఫెసరుగా కొనసాగారు.

పెద్దవాళ్ల జీవితం రాసేటప్పుడు తప్పులు దాచడం నాకిష్టం లేదు. 1933లో బొంబాయి నుంచి కమలా భాగవత్ అనే అమ్మాయి, తర్వాత కమలా సొహోనీగా పేరు పొందినావిడ, మంచి ర్యాంకుతో పరిశోధనకు వస్తే, ఆడపిల్ల అన్న కారణంగా రామన్ గారు చేర్చుకోనన్నారు. ఆమె పట్టుబట్టి కూర్చున్నారు. చివరికి ఒక ఏడాది పరీక్షగా చూస్తామన్న షరతు మీద చేర్చుకున్నారు. ఆమె పని చూశాక పద్ధతి మార్చుకున్నారు. 1939లో కమల గారు కేంబ్రిడ్జిలో డాక్టరేట్ పొందారు. గుమ్మం దగ్గర ఆగిపోయిన మనిషి బిడ్డగా ఈ కథ చదివినప్పుడల్లా నాకు రామన్ గారి మీద కోపం వస్తుంది. ఆయన తర్వాత తలుపు తీశారు కాబట్టి ఆ కోపం కొంత తగ్గుతుంది. స్ఫటికాల కంపనాల గురించి మాక్స్ బార్న్‌తో ఆయన సాగించిన వాదంలో కూడా శాస్త్రలోకం చివరికి బార్న్ వైపే నిలిచింది. రామన్ గారు వెనక్కి తగ్గలేదు. పెద్ద శాస్త్రజ్ఞుడు కూడా పొరబడతాడని తెలియడం పిల్లలకు మంచిదే.

అలా తీసిన తలుపులోంచి వచ్చినవారిలో ఒకరు అన్నా మణి. 1940 నుంచి 1945 దాకా రామన్ గారి ప్రయోగశాలలో వజ్రాల మీద, కెంపుల మీద పనిచేశారు. అప్పటికి రామన్ గారికి వజ్రాల పిచ్చి పట్టింది. వందల కొద్దీ సేకరించారు. ఎందుకు కొన్ని వజ్రాలు నీలంగా మెరుస్తాయి, కొన్ని మెరవవు అని ఆయన ప్రశ్న. వజ్రాలంటే మనకు వజ్రకరూరు గుర్తొస్తుంది. తొలకరి పడగానే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి ఆ చేలల్లో వంగి రాళ్లు ఏరడం మనందరం చూసిందే. దొరికింది వజ్రమా, గాజుపెంకా అని తేల్చేందుకు నేడు రత్నాల ప్రయోగశాలల్లో వాడే పద్ధతుల్లో రామన్ గారి పద్ధతి ఒకటి. వజ్రాన్ని వెలుగుతో తడితే 1332 అనే సంఖ్య దగ్గర ఒకే ఒక్క గట్టి గీత పలుకుతుంది. గాజు ఆ గీత చూపదు. మందుబిళ్లల్లో కల్తీ పట్టడానికీ అదే పద్ధతి. 2021లో అంగారకుడి మీద దిగిన పర్సివరెన్స్ వాహనం రాళ్లను పరీక్షించేదీ ఆ పద్ధతితోనే.

అన్నా మణి గారికి ఎమ్మెస్సీ పట్టా లేదన్న కారణంతో డాక్టరేట్ ఇవ్వలేదు. ఆమె ఆగిపోలేదు. ఇంగ్లండు వెళ్లి వాతావరణ పరికరాల పని నేర్చుకుని, 1948లో భారత వాతావరణ శాఖలో చేరారు. ఎండ ఎంత కాస్తోందో కొలిచే కేంద్రాలను దేశమంతటా ఏర్పరిచారు. 1980లో మన దేశపు సౌరశక్తి లెక్కల గ్రంథం వెలువరించారు. రిటైరయ్యాక కూడా బెంగళూరు కేంద్రంగా గాలి వేగాలను కొలిపించారు. ఎక్కడ గాలిమరలు నిలపాలి, ఎక్కడ సోలారు పలకలు పరచాలి అన్న ఆలోచనకు ఆ కొలతలు పునాది. ఈ రోజు రామగిరి గుట్టల మీద తిరిగే గాలిమరలను, ఎన్.పి. కుంటలో 2016 నుంచి కరెంటు పుట్టిస్తున్న పలకలను చూసినప్పుడు నాకు ఆ మనిషి గుర్తొస్తారు. మనం తిట్టుకునే ఎండనూ, పైరును ఎండగొట్టే గాలినీ ఒకరు ఓపికగా కొలిచి పెట్టారు. వానలేని సీమకు మిగిలిన ఆస్తి అదేనని లెక్కతో చూపించారు. ఆ ఆస్తిలో భూమి ఇచ్చిన రైతుకు ఎంత వాటా దక్కుతోందన్నది భౌతికశాస్త్రం చెప్పదు, అది మనమే అడగాలి.

రామన్ గారు 1948లో మైసూరు మహారాజా ఇచ్చిన స్థలంలో తన సొంత ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పి, చివరిదాకా అక్కడే పనిచేశారు. 1954లో భారతరత్న వచ్చింది, ఆ బిరుదు మొదటిసారి ఇచ్చింది ఆ ఏడే. ముసలితనంలో ఆయన ప్రయోగశాల తోట అయింది. పూల రంగులు, రాళ్ల రంగులు, కన్ను రంగును ఎలా చూస్తుందన్నది ఆయన ధ్యాస. 1968లో దాని మీద పుస్తకం రాశారు. ఆ ఏడే అహ్మదాబాదులో, ఆకాశం నీలంగా ఎందుకుంటుందని ఉపన్యసించారు. 80 ఏళ్ల మనిషి, నోబెల్ గ్రహీత, పసిపిల్లలు అడిగే ప్రశ్నను పట్టుకుని నిలబడ్డారు. 1970 నవంబరు 21న కన్నుమూశారు. ఇన్‌స్టిట్యూట్ ఆవరణలోనే దహనం చేశారు. అక్కడ ఇప్పుడొక చెట్టు ఉంది.

మా నాయన రామన్ గారి ఫోటో కూడా ఎన్నడూ చూడలేదు. ఆ పాఠం తర్వాత ఆయన చేసిన పనిలో మార్పేమీ లేదు. నాలో వచ్చింది మార్పు. మా నాయన ఏం చేస్తాడని ఆ తర్వాత ఎవరు అడిగినా మృదంగాలు చేస్తాడనే చెప్పాను. నేను ఫిజిక్సు తీసుకోవడానికి కారణం మార్కులు కాదు, ఆ ఇసుక గీత. ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రతి ఏడూ ఫిబ్రవరి 28న ఊళ్లోంచి ఒకరిని తరగతికి పిలిచాను. నిలువు పోగు ఒక రంగు, అడ్డం పోగు ఒక రంగు వేసి, మడత తిప్పితే రంగు మారే చీర నేసే ధర్మవరం నేతగాణ్ణి పిలిచాను. మేకతోలును వెలుగు పారేంత పలచగా గీకి బొమ్మలు చేసే నిమ్మలకుంట కళాకారుణ్ణి పిలిచాను. దీపానికి దగ్గరగా జరిపితే నీడ ఎందుకు పెరుగుతుందో ఆయన బొమ్మతో చూపించినంత బాగా నేను బోర్డు మీద ఎన్నడూ చెప్పలేకపోయాను.

స్వర్ణోత్సవం సందర్భంగా మన సంఘం బడికి ఏమివ్వాలన్న చర్చ నడుస్తోంది. గేటు మీద తోరణం కట్టిద్దామని కొందరు, మైకు సెట్టు ఇద్దామని కొందరు అంటున్నారు. అవీ మంచివే. నా మనవి ఒక్కటి. ఏడాదికొక్క రోజు, ఫిబ్రవరి 28న, మన ఊళ్లలో చేతిపని చేసే ఒకరిని పిలిచి, అయ్యవారి కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లల చేత ప్రశ్నలు అడిగించే ఏర్పాటు చేయండి. బోరు మోటారు విప్పేవాడు కావచ్చు, మగ్గం మీద కూర్చునే ఆవిడ కావచ్చు. దారి ఖర్చు, ఒక శాలువా, అంతే. మొదటి ఏడు ఖర్చు నేను పెట్టుకుంటాను. మా నాయన చివరగా చేసిన మృదంగాన్ని కూడా బడి సైన్సు గదికి ఇస్తున్నాను. మూత కాస్త వదులైంది. వార్లు బిగించి, ఇసుక చల్లి చూడండి. గీత ఇప్పటికీ పడుతుంది.